పెట్టెలో దాచిన తోడేలు తోలు

ఆ కంప్యూటర్ ఆటలో కర్రతో జింకను నాలుగు దెబ్బలు కొడితే అది మాయమై, దాని చోట శుభ్రంగా చదును చేసిన తోలు ముక్క ప్రత్యక్షమవుతుంది. సున్నంలో నానబెట్టేది లేదు, వెంట్రుకలు గీకేది లేదు, తంగేడు చెక్కలో ఊరేసేది లేదు. అలాంటి ముక్కలు ఆరు పట్టుకుని ఒక బల్ల ముందు నిలబడి బొత్తాం నొక్కితే చొక్కా తయారు. ఇంకో ఆరు ముక్కలకు లాగు. దీన్ని కవచం అంటారు. పదిహేనేళ్లుగా లోహాలతో బతుకుతున్నవాణ్ణి. దీన్ని కవచమని పిలిచే పెద్దమనుషులతో మాట్లాడాలంటేనే నాకు చిరాకు.

నేను పనిచేసేది ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో, కానింగ్ వేల్‌లోని ఒక ఉక్కు షెడ్డులో. గిడ్డంగులకు కావాల్సిన దూలాలు కోసి, వెల్డింగ్ చేసి పంపుతారు. అవి గేటు దాటేముందు తనిఖీ చేయడం నా ఉద్యోగం. అతుకు ఎక్కడ వంకరపోయింది, ఎక్కడ బుడగ పట్టింది, అంచు ఎక్కడ గరుకుగా మిగిలింది, అన్నీ చూసి సుద్దముక్కతో చుట్టి వెనక్కి పంపిస్తాను. షెడ్డులో నాకు స్నేహితులు తక్కువ. అందులో వింతేమీ లేదు.

అలాంటి నేను ఆ పిచ్చి ఆటలోకి దిగడానికి కారణం మా అమ్మాయి. పదమూడేళ్లు. ఇక్కడే పుట్టింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. దానికి ఎప్పుడో అలవాటు పడ్డాం. కానీ పోయినేడాది చివర్నించి నాకు ఆ జవాబు కూడా కరువైంది. స్కూలెలా ఉందంటే ఫైన్. అన్నం తిన్నావా అంటే యా. వాళ్లమ్మతో గంటలకొద్దీ కబుర్లు, నేను గదిలోకి రాగానే మౌనవ్రతం. ఈ వయసులో అంతేనని అందరూ అన్నారు, నేనూ అవునన్నాను. లోపల మాత్రం భయంగా ఉండేది. ఇంకో నాలుగైదేళ్లలో యూనివర్సిటీ అంటూ ఇల్లు దాటితే, మా ఇద్దరి మధ్యా మిగిలేది ఆ రెండు మాటలే.

మేముండే హారిస్‌డేల్‌లో మా ఎదురింటాయనది వరంగల్ వైపు. ఐటీ ఉద్యోగం. ఆయనా, భార్యా, ఇద్దరు పిల్లలూ కలిసి ఆ ఆట ఆడతారు. మా అమ్మాయి కూడా వాళ్ల లోకంలోనే తిరుగుతోందని, అక్కడ గలగలా మాట్లాడుతుందని ఆయనే చెప్పాడు. నేనేమీ అడక్కముందే ఆయన సలహా ఇచ్చేశాడు.

"అన్నా, పిల్లతోని మాట్లాడాలంటే గా ఆటలకు రావాలె. ఇంకో తొవ్వ లేదు."

దిగాను. తను తన గదిలో కంప్యూటర్ ముందు, నేను భోజనాల బల్ల మీద లాప్‌టాప్ ముందు, ఇద్దరికీ చెవుల్లో హెడ్‌సెట్లు. గోడకు అటూ ఇటూ కూర్చుని, ఇద్దరం ఒకే అడవిలో పుల్లలేరుకుంటున్నాం. మా ఆవిడ కాఫీ కప్పు పెడుతూ నన్నొక చూపు చూసి వెళ్లిపోయింది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ పిల్ల మాట్లాడింది. ఏడాదిలో మాట్లాడనన్ని మాటలు ఒక్క వారంలో మాట్లాడింది. కవచాల గురించి నాకు పాఠం చెప్పింది. తోలు తేలిక, సులువుగా దొరుకుతుంది, కానీ తోడేలు రెండుసార్లు కొరికితే మనిషి పోతాడు. రాగీ తగరమూ కలిపి చేసిన కంచు దెబ్బను ఆపుతుంది గానీ నడక మందగిస్తుంది. ఇనుము ఇంకా బాగా ఆపుతుంది, ఇంకా నెమ్మది. ఆపైన మంచుకొండ. అక్కడ ఇనుము తొడుక్కున్నా లాభం లేదు, చలే చంపేస్తుంది. దానికి వెండీ తోడేలు తోలూ కలిపి చేసింది కావాలి. ప్రతి కవచానికీ ఒక గీత ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడల్లా అది తరుగుతుంది. గీత మొత్తం అయిపోతే కవచం పనిచేయడం మానేస్తుంది, కానీ ఎక్కడికీ పోదు. బల్ల దగ్గరికి తీసుకెళ్లి సుత్తి బొమ్మ నొక్కితే మళ్లీ కొత్తది. దానికి సామాను కూడా అక్కర్లేదు. ఈ చివరి సంగతి నాకు మూడుసార్లు చెప్పింది.

నేను ఊరుకుంటానా. కట్టెల పొయ్యి మీద ఇనుము కరగదన్నాను. వెండితో కవచమేమిటి, పట్టీలకూ కుంకుమ భరిణెకూ పనికొచ్చే మెత్తటి లోహం, మీ అమ్మ పట్టీలే ఆర్నెల్లకు సొట్టపోయాయి అన్నాను. అటువైపు నించి నవ్వు వినిపించింది. "ఇట్స్ ఎ గేమ్, డాడ్" అంది. ఆ నవ్వు కోసం వెండి మీద ఇంకో పదినిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఎదురింట్లో బార్బెక్యూకి పిలిచారు. నలుగురు మగాళ్లు, అందరూ ఇళ్లూ కార్లూ ఉన్నవాళ్లు, పొయ్యి చుట్టూ నిలబడి కంచు తొడుగు మేలా తోలు తొడుగు మేలా అని వాదించుకుంటున్నారు. పట్టకారు చేతిలో ఉన్నాయన చికెన్ మాడుతున్న సంగతే మర్చిపోయాడు. ఎదురింటాయన నన్ను పక్కకు పిలిచి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. ఆటలో ఆయన పెట్టె. అందులో వరసగా ఐదు జతల కవచాలు, అన్నీ వెండివే, ఒక్కదాని మీదా గీత తరగలేదు. ఆయన మాత్రం ఆటలో పాత తోలుచొక్కాతో తిరుగుతాడు. ఇవి ఎప్పుడేసుకుంటావని అడిగాను.

"మంచిగున్నయ్ గద అన్నా, ఖరాబు చేసుకునుడెందుకు" అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడకు ఆయన్ని అనుకరించి చూపించి మరీ నవ్వాను. ఖరాబు కావడమనేదే లేని చోట కూడా దాచుకునే బుద్ధి మనవాళ్లకు తప్ప ఇంకెవరికి పుడుతుందన్నాను. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. నాకూ తెలియలేదు.

ఆ తర్వాత మూడు వారాల పాటు మా అమ్మాయి స్కూల్నుంచి రాగానే ఒక్కతే మంచుకొండ ఎక్కుతూ వచ్చింది. ఎందుకని నేను అడగలేదు. ఒక సాయంత్రం ఆటలోకి వెళ్లేసరికి, అక్కడ మేం కట్టుకున్న సగం కప్పు ఇంట్లో నా మంచం ముందు నేలమీద ఒక జత పెట్టి ఉంది. వెండి గొలుసుల చొక్కా, లాగు, భుజాల మీద బూడిదరంగు తోడేలు తోలు. తనకు ఒక జత, నాకు ఒక జత చేసింది. తొడుక్కుని చూడమంది. తొడుక్కున్నాను. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. మళ్లీ విప్పేసి, మంచం పక్కన కొత్త పెట్టె ఒకటి చేసి అందులో పెట్టాను. వాన తగలకుండా ఆ పెట్టెను కప్పు కిందికి జరిపాను. ఆ ఆటలో వానకు పెట్టెలోని సామాను తడవదు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కలిసి కొండెక్కాం. నేను నా పాత ఇనుములోనే వెళ్లాను. చలి కాసేపు ఆపే పానకం లాంటిది ఒకటుంది, తాగితే కొద్ది నిమిషాలు పనిచేస్తుంది. మూడు సీసాలు తెచ్చుకున్నాను, సరిపోతాయనుకున్నాను. తను ముందు, నేను చాలా వెనక. మంచులో తనకు నేను ఒక చుక్కలా కనిపించి ఉంటాను, ఏం తొడుక్కున్నానో చూడలేదు. సగం దారిలో సీసాలు అయిపోయాయి, అప్పుడే తోడేళ్లు వచ్చాయి. కదల్లేకపోతున్నానని చెప్పాను. తను పైకి చేరిపోయింది, అయినా నా కోసం వెనక్కి దిగింది. ముందు నేను పోయాను, నా చుట్టూ ఉన్న తోడేళ్ల మధ్యకొచ్చి తనూ పోయింది.

ఆ ఆటలో చచ్చిపోతే ఒంటి మీదవన్నీ పోయిన చోటే ఉండిపోతాయి. మనం మాత్రం ఇంట్లో మంచం మీద కట్టుబట్టల్లేకుండా లేస్తాం. కొండ మీద పడిపోయిన తన కవచం తెచ్చుకోవాలంటే మళ్లీ అదే చలిలోకి వెళ్లాలి, చలికి ఇంకో జత కావాలి. ఏమైనా దొరుకుతుందేమోనని తను ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ తెరుస్తోంది. ఆ మూతల చప్పుడు నాకు హెడ్‌సెట్‌లో వినిపిస్తోంది. ఒక పెట్టె దగ్గర చప్పుడు ఆగిపోయింది.

తర్వాత గది తలుపు తెరుచుకుంది. నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"యూ హ్యాడ్ ఇట్" అంది.

పాడవుతుందని దాచానన్నాను.

"ఇట్ రిపేర్స్ ఫర్ ఫ్రీ. ఐ టోల్డ్ యూ."

"తెలుసమ్మా."

"దెన్ వై?"

నేను హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాను. కాసేపు చూసింది. కోపంగా కూడా చూడలేదు, ఇది తనకు ముందే తెలుసన్నట్టు చూసింది. గదిలోకి వెళ్లి ఆట ఆపేసింది. నా పెట్టెలోని జత కూడా ముట్టుకోలేదు. మర్నాటి నుంచి మళ్లీ ఫైన్, మళ్లీ యా.

ఒక ఆటకు ఇంత రాద్ధాంతమా అని వంటింట్లో మా ఆవిడ దగ్గర విసుక్కున్నాను. బొమ్మ చొక్కా, బొమ్మ తోడేలు, దాని కోసం కన్నతండ్రితో మాట్లాడ్డం మానేస్తారా అన్నాను. ఆవిడ కూర తరగడం ఆపలేదు.

"సెప్టెంబర్లో కుట్టిచ్చింది ఏమైందండీ? అదీ బీరువాలోనే ఉందిగా."

ఫాదర్స్ డే ఇక్కడ సెప్టెంబర్లో వస్తుంది. పోయినేడాది ఆ రోజున మా అమ్మాయి నాకొక జంపర్ ఇచ్చింది, స్వెట్టర్ లాంటిది. స్కూల్లో కుట్టుపని క్లాసులో తనే కత్తిరించి, తనే కుట్టింది. ముదురు నీలం, లోపల మెత్తటి ఉన్ని. పొద్దున్నే షెడ్డులో చలికి నా వేళ్లు కొంకర్లు పోతాయని నేనే ఇంట్లో అంటుండేవాణ్ణి, అది విని కుట్టింది. నేనేం చేశాను? తిరగేశాను. లోపలి కుట్టు చూశాను. సొరుగులోంచి స్కేలు తీసి కొలిచాను. ఎడమ చేతి కుట్టు నాలుగు మిల్లీమీటర్లు పక్కకు పోయింది, మిగతాదంతా చాలా బాగుందని చెప్పాను. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. తర్వాత మడతపెట్టి, కవర్లో చుట్టి, బీరువా పై అరలో పెట్టాను. ఈ చలికాలమంతా మోచేతులు పిగిలిన పాత స్వెట్టర్‌తోనే పనికి వెళ్లాను, రోజూ పొద్దున్నే తన కళ్ల ముందునుంచే. ఆ పిల్ల మాటలు ఎప్పుడు తగ్గాయో ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప.

హాల్లోకొచ్చి చూశాను. టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు. అద్దాల అరలో, వచ్చే చుట్టాల కోసం ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తున్న కప్పులు. కారు తలుపులకు లోపల కొన్ననాటి ప్లాస్టిక్. ఎదురింటాయన్ని చూసి నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన దాచుకున్నది కనీసం బొమ్మలను. నేను దాచింది వేసుకోమని ఇచ్చినదాన్ని.

మర్నాడు కవరు చింపి ఆ జంపర్ వేసుకుని పనికి వెళ్లాను. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి కూడా నా మీద నాకే అసహ్యం వేసింది. పది రోజులు వరసగా వేసుకున్నాను, తను ఏమీ అనలేదు. పదకొండో రోజున కోసిన దూలం అంచు తడుముతుంటే గరుకు తేలిన చోట జంపర్ ఎడమ చేయి పట్టుకుంది. లాగాను. మణికట్టు దగ్గర్నుంచి జానెడు చిరిగింది, పైగా గ్రీజు. దూలం మీద సుద్దతో గుండ్రంగా చుట్టాను. ఆ రోజంతా చిరిగిన చేత్తోనే తిరిగాను, దాచాలని అనిపించింది గానీ విప్పలేదు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి తను హాల్లో కూర్చుని ఉంది. నా చేతిని చూసింది. చిరుగు చూసింది, గ్రీజు మరక చూసింది.

"ఫైనల్లీ" అంది.

ఎంత చులకనగా అందంటే, అచ్చం నేనన్నట్టే ఉంది. లేచి వెళ్లి కుట్టుడబ్బా తెచ్చింది. చేయి చాపింది. జంపర్ విప్పి ఇచ్చాను. సోఫాలో నా పక్కనే కూర్చుని, ఇక్కడ సుత్తి బొమ్మ నొక్కితే కుదరదని విసుక్కుంటూ, చాలాసేపు కుట్టింది. మధ్యలో దీపం దగ్గరగా పట్టుకోమంది, పట్టుకున్నాను.

కుట్టు ఈసారీ వంకరగానే వచ్చింది. నేను కొలవలేదు.