నల్లోడి పుచ్చకాయ

కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయ్యాక ఢిల్లేశ్వరరావు పుచ్చకాయ తినకూడదు. నీళ్లు కూడా కొలిచే తాగాలి. అయినా ఎండలు ముదిరితే పలాస ఆసుపత్రి నుంచి వస్తూ కాశీబుగ్గలో ఆటో ఆపించి ఒక కాయ కొంటాడు, తన కుక్క నల్లోడి కోసం. అరుగు మీద కూర్చుని తొక్క చెక్కేసి, కత్తి మొనతో గింజలన్నీ ఏరేస్తాడు. నిరుడు తొక్కతో సహా మింగి నల్లోడు రాత్రంతా కక్కాడు. అప్పట్నుంచీ చిన్న చిన్న ముక్కలే, అవీ ఓ గుప్పెడే. మిగతా కాయ భార్య నీలవేణి పక్కింటికి ఇచ్చేస్తుంది.

"కుక్కకి ఇంత సేవేటి బావా?" అని పక్కింటి లోకనాథం నవ్వుతాడు.

"నా వాటా ఆడు తింటన్నాడు. నీకేటి కష్టం?"

ఒక సాయంత్రం నల్లోడు చాలావరకు తిని మొహం తిప్పేసుకున్నాడు. ఆఖరి ముక్క ఢిల్లేశ్వరరావు అరచేతిలో ఉండిపోయింది. రసం మణికట్టు దాకా కారింది. ఎండిన పెదాలను నాలుకతో తడుపుకున్నాడు. గుమ్మంలో నీలవేణి చేట పట్టుకుని నిలబడింది. అతను ముందుకు వంగి ఆ ముక్కను కుక్క మూతికి ఆనించాడు.

"తినరా బాబూ," అన్నాడు మెల్లగా. "నువ్వు తినకపోతే నాను తినేత్తాను."