అక్క చేతికి పిండికట్టు

ఈరోజు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల మీద చేతికి పిండికట్టుతో ఒక పాప కనిపించింది. ఆ కట్టు తడి సున్నం వాసన, దాని మీద పెన్నుతో మనం రాసిన పేర్లు మీకూ గుర్తున్నాయా?

మూసారాంబాగ్‌లో కిరాయికి ఉన్నప్పుడు మా అక్కకు అలాంటి కట్టే వేశారు. మెట్ల మీద జారిపడిందని అందరూ నమ్మారు. నిజానికి సండే స్కూల్లో తనకు బహుమతిగా వచ్చిన రంగు పెన్సిళ్లు నాకు ఇవ్వలేదని నేనే నెట్టాను.

మూడో రోజు నాకు జ్వరం పట్టుకుంది. అమ్మ నా నుదుటికి నూనె రాసి ప్రార్థన మొదలుపెట్టింది. పక్కనే అక్క, మెడకు కట్టిన చేతితోనే, నా కోసం కళ్లు మూసుకుంది. ఇక తట్టుకోలేకపోయాను.

"అమ్మా, నా కోసం ప్రార్థన చెయ్యకు. అక్కను నేనే నూకిన."

అమ్మ ప్రార్థన ఆపి నా వైపు చూసింది. అక్క మాత్రం, "నాకెర్కనే. నువ్వే చెప్తవని చూస్తున్న," అంది.

"కోపం రాలేదా అక్కా?" అన్నాను ఏడుస్తూ.

"మస్తొచ్చింది. రోజూ ప్రార్థన చేసి తగ్గించుకున్న. ప్రభువు క్షమిస్తడు, నేను గూడ క్షమించిన. ఇగ లేసి అన్నం తిను."

కట్టు విప్పాక అక్క చెయ్యి పైకి లేవలేదు. "మంచిగయ్యేదాక నేను ఇడువ," అని పట్టుబట్టాను. రోజూ బడి నుంచి రాగానే వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, డాక్టర్ చూపినట్టు చెయ్యి వంచి చాపించేదాన్ని. నొప్పికి అక్క ఏడ్చేది, చూడలేక నేనూ ఏడ్చేదాన్ని. ఒక్కరోజూ మానలేదు.

ఒక ఆదివారం చర్చికి బయలుదేరే ముందు అక్క నన్ను కూర్చోబెట్టి, రెండు చేతులూ ఎత్తి నాకు జడ వేసింది. అది బాగా వదులుగా ఉంది. సాయంత్రం దాకా నేను ఆ జడను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.