పలకని టెంపో

మొబైళ్లు ఇంకా పెద్దోళ్ల జేబులు దాటి రాని రోజులవి. భివండీ కామత్‌ఘర్‌లో విఠల్ సేటు తన నూలు టెంపోలన్నిటికీ వైర్‌లెస్ సెట్లు పెట్టించాడు. గోదాములో కూర్చుని మైకు పట్టుకుంటే ఏ బండి ఎక్కడుందో తెలియాలని ఆయన ముచ్చట. అన్ని బండ్లూ పలికాయి. పెద్దులు బండి ఒక్కటే పలకలేదు.

పెద్దులు వయసంతా సాంచాల మీదనే, అంటే మరమగ్గాల మీదనే గడిచింది. నూలు దుమ్ముకు దగ్గు పట్టుకుని, డాక్టరు కార్ఖానా గడప తొక్కొద్దంటే టెంపో పట్టాడు. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు పెళ్లిచూపుల గురించి అన్నారు గానీ, ట్రాన్స్‌పోర్టు సేట్లను చూసి అనలేదు.

"రేపు గిట్లనే నోరు మూసుకుంటే బండి చావీ ఇచ్చి మళ్ల సాంచ కాడికే పో" అన్నాడు విఠల్.

సెట్లు బాగుచేసే యోబు వచ్చాడు. మాటకారి. "దీనికి చెవులు మంచిగున్నయి, నోరే పడ్డది" అని తేల్చి మైకు మార్చాడు. మాట్లాడేటప్పుడు సెట్టు కరెంటు ఎక్కువ గుంజుతుందని బ్యాటరీ నుంచి లావు వైరు వేశాడు. ఏరియల్ మొదలు దగ్గరి తుప్పు గీకాడు. మీటరు ముల్లు లేచింది. నిలబెట్టిన బండిలో పెద్దులు చేత హలో అనిపిస్తే గోదాములో ఖంగున వినిపించింది. బండి కదిలిందో లేదో, మళ్లీ అదే కథ.

"ఇంజన్ మోత వస్తున్నది, మనిషే వస్తలేడు" అన్నాడు విఠల్.

చివరికి యోబు తనే బండెక్కాడు. వరాలా తలావ్ దగ్గర దిగాల్సిన పెళ్లాం లీదియా కూడా ఎక్కింది. ఆమె కార్ఖానా మొహం ఎరగని మనిషి. నార్పోలి నాకా దగ్గర సేటు పిలిచాడు.

"పెద్దులూ, యాడున్నవ్?"

పెద్దులు బటన్ నొక్కి జవాబిచ్చాడు. యోబు తొడ చరుచుకున్నాడు. "నార్పోలి కాడున్న, వస్తున్న అన్నడు. సెట్టు ఫస్ట్‌క్లాస్."

"ఎవరన్నరు?" అంది లీదియా.

"కాకనే."

"నాకైతే ఏం వినవడలే. మళ్లొక్కసారి అను కాకా."

పెద్దులు మళ్లీ అన్నాడు. యోబు మళ్లీ తలూపాడు. లీదియా మొగుణ్ని ఎగాదిగా చూసింది.

"పెదవులాడుతున్నయి. గొంతేది?"

సాంచాల మోతలో గొంతెత్తడం దండగ. అక్కడ పెదవులే మాట్లాడతాయి, కళ్లే వింటాయి. పెద్దులు ఇంట్లో మామూలుగానే మాట్లాడతాడు. ఇంజన్ మోత చెవిన పడితే చాలు, గొంతు దానంతటదే మూతపడుతుంది. యోబు కూడా కార్ఖానాలో పుట్టి పెరిగినవాడే కాబట్టి కళ్లతో విని, విన్నాననుకున్నాడు. పాపం, గోదాములో సెట్టుకు కళ్లు లేవు.

"అలవాటైపోయింది బిడ్డా, మోతల గొంతు రాదు" అన్నాడు పెద్దులు దిగులుగా. "ఇగ నా నౌకరీ పోయినట్టే."

"ఏడన్న మోతల గొంతెత్తుతవా?"

"శనివారం భజనల. డోలు ఎంత మోగినా ఎత్తుత."

"అయితే గట్లనే ఎత్తు."

పెద్దులు కాసేపు సిగ్గుపడ్డాడు. తర్వాత మైకు నోటికి ఆనించి, కళ్లు మూయబోయి స్టీరింగు గుర్తొచ్చి తెరిచి, అందుకున్నాడు: "నార్పోలి దాటినా... సేటూ... నూలు మూటలు భద్రమయ్యా..."

దారిలో ఉన్న బండ్లన్నిటిలోనూ మోగింది. ఎక్కడి నుంచో అంకుశం అనే డ్రైవరు "భద్రమయ్యా" అని వంత కూడా పాడాడు.

గోదాములో విఠల్ మైకు అందుకున్నాడు.

"పెద్దులూ" అన్నాడు, "బండి నీదే. గని పల్లవి వరకే పాడు, చరణాలు గోదాముకొచ్చినంక."