ఆగడం రాని ఫియట్

అందరి ప్రేమలూ కులం, మతం లాంటి గౌరవనీయమైన కారణాలతో చెడిపోతాయి. నాది కార్బొరేటర్ వల్ల చెడింది. నవ్వుకోండి. మా దేవేంద్ర నగర్ మొత్తం నవ్వేసినా మీ వాటా ఇంకా మిగిలే ఉంది.

పక్కింటి ఎస్తేరుకి విశాఖలో నర్సు ఉద్యోగం వచ్చింది. తోడు వాళ్ళమ్మ వెళుతోంది. "రాయ్‌పూర్ స్టేషనుకి రిక్షా ఎందుకు ఆంటీ, నేను దింపుతాను" అన్నాను. ఆంటీ రైలు పెట్టెలో సామాను సర్దుకుంటుండగా ప్లాట్‌ఫారం మీద ఎస్తేరుని ఒక్క మాట అడగాలి: "నేనూ విశాఖ వచ్చేస్తే నీకిష్టమేనా?" ఆ మాట ఎన్నాళ్ళుగానో గొంతులో చేపముల్లులా ఉంది.

మామూలు కారులో దింపితే గొప్పేముంది? నాన్న కొన్న ముసలి ఫియట్‌ని రేసుకారు చేద్దామని కూర్చున్నాను. సైలెన్సర్ డబ్బా పీకేశాను. కార్బొరేటర్‌లో పెట్రోలు దిగే బెజ్జాన్ని డ్రిల్లుతో పెద్దది చేశాను. గుక్క పెద్దదైతే పరుగు పెరుగుతుందని నా సిద్ధాంతం.

లోకో షెడ్డులో పనిచేసే నాన్న చెవులు మూసుకున్నాడు. "ఒరే బాబ్జీ, ఇది కారా, మా షెడ్డులోంచి పారిపోయొచ్చిన ఇంజనా?"

మెచ్చుకున్నాడనుకున్నాను.

ఊరి బయట సిల్తారా రోడ్డు ఎక్కిస్తే తోకకి టపాకాయ కట్టిన దున్నలా ఉరికింది. ఇంటిముందు ఆపగానే ఇంజను కూడా ఆగిపోయింది. నేను ఆపాను కాబట్టే ఆగిందనుకున్నాను. మీరైనా అంతే అనుకుందురు.

ప్రయాణం రోజున ఎస్తేరు మొదటిసారి నా పక్క సీట్లో కూర్చుంది. వెనక ఆంటీ "యేసయ్యా, స్టేషను దాకా చూడు తండ్రీ" అంటోంది. ఎస్తేరు చున్నీ అంచు గాలికి నా మోచేతికి తగులుతోంది. ఆ దారి ఎంత పొడుగుంటే అంత బాగుండును. నేనేమో దాన్ని చిటికెలో ముగించడానికి నెలల తరబడి చెమటోడ్చాను.

స్టేషను గేటు దగ్గర బండి నిలిపి, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలించగానే ఇంజను దగ్గింది. భయపడి మళ్ళీ తొక్కాను.

"దిగవేటి?" అంది ఎస్తేరు.

"కాలు తీస్తే ఆగిపోద్ది."

"స్టేషనొచ్చింది కదా, ఆగనీ!"

"ఆగితే మళ్ళీ స్టార్టవదేమో."

"అయితే దాన్నే చూసుకో" అని సూట్‌కేసు అందుకుంది. ఆంటీతో గేటు దాటుతూ ఒకసారి వెనక్కి చూసింది.

అప్పుడు తీశాను కాలు. ఫియట్ గేటుకి అడ్డంగా ప్రాణం విడిచింది. వెనక రిక్షాల వాళ్ళంతా నా వంశాన్ని తలుచుకున్నారు.

"ఏ హీరో! గాడీ హటా!" బండి తియ్యమని కానిస్టేబుల్ లాఠీతో బానెట్ మీద కొట్టాడు.

"ఒక్క నిమిషం సాబ్, ప్లాట్‌ఫారం మీద..."

"పహలే గాడీ!" ముందు బండేనట.

ఇద్దరం తోసుకుంటూ పట్టాల పక్క రోడ్డు మీదికి తెచ్చాం. అంతలో రైలు కదిలింది. కిటికీలో ఎస్తేరు, చెయ్యి ఊపుతోంది.

"నీకేనా?" అన్నాడు కానిస్టేబుల్.

"నాకే సాబ్."

"మరి నువ్వూ ఊపవేం?"

"చేతులు తీస్తే బండి వెనక్కి జారుతుందేమో."

అతను బండినీ నన్నూ తేరిపార చూసి, గొంతు తగ్గించాడు. "ఊపు బేటా. ఇది ఎక్కడికీ పోదు."

గబగబా రెండు చేతులూ ఎత్తి ఊపాను. అప్పటికి నా ముందు ఆఖరి పెట్టె వెళుతోంది. అందులోని గార్డు ఎంతో మర్యాదగా నాకు పచ్చజెండా ఊపాడు.

పానా పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద ఏ బండికైనా ముందు కుదురుగా నిలబడటం నేర్పాకే పరుగు నేర్పుతాను. ఎస్తేరు మళ్ళీ ఎప్పుడైనా పక్క సీట్లో కూర్చుంటే మాత్రం, అసలు ఇంజనే స్టార్టు చెయ్యను.