ఉతకనన్న అంగీ

పెన్‌పహాడ్ దగ్గర మా ఊళ్లో బట్టలుతికే అవ్వ ఒకామె ఉండేది. బండ మీద ఏ బట్ట వేసినా, దాన్ని కట్టుకునే మనిషే ఎదురుగా ఉన్నట్టు తిట్టిపోసేది. "ఇంత బురదేందయ్యా పటేలా, బర్రెలతోని పండినవా?" అంటుంటే రేవులో ఆడవాళ్లం పడీపడీ నవ్వేవాళ్లం.

దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లకు మేం అన్నం పెడుతున్నామని సర్కారు తుపాకులవాళ్లు మా ఊళ్లో క్యాంపు వేశారు. వాళ్ల బట్టలూ వెట్టికి అవ్వే ఉతకాలి. మా పక్కింటామె కొడుకును పట్టుకుపోయి, సూర్యాపేట జైలుకు పంపామన్నారు. ఆ తల్లి కొడుకును చూడబోవడానికి రొట్టెలు కాలుస్తోంది.

ఆ రోజు క్యాంపు మూట విప్పిన అవ్వ తిట్టు మధ్యలోనే ఆగిపోయింది. ఆమె చేతిలో, పక్కింటామె కొడుకును పట్టుకుపోయిననాడు అతని ఒంటి మీదున్న చారల అంగీ. పక్కటెముకల దగ్గర కాలిన చిల్లు, చుట్టూ ఎండిన నెత్తురు. కొత్తది కదా అని క్యాంపువాడెవడో శవం మీంచి ఒలుచుకున్నట్టున్నాడు.

అవ్వ అంగీని రెండు చేతులా ఎత్తిపట్టుకుని నడివీధిలో క్యాంపుకు నడిచింది. మేమంతా వెంట వెళ్లాం.

"ఇది నేనుతుక. దీని మనిషేడి? గది చెప్పు ముందు," అంది జమాదారుతో.

వాడు తుపాకి మడమతో మూతి మీద కొట్టాడు. అవ్వ నెత్తురు ఉమ్మి, లేచి, మళ్లీ అదే అడిగింది.

తెల్లారి క్యాంపుకు నీళ్లు మోసేవాళ్లు పోలేదు. మంగలి పోలేదు. కట్టెలు కొట్టేవాళ్లూ పోలేదు. కొట్టారు, ఇళ్లు తగలబెట్టారు. అయినా ఎవరూ పోలేదు. చివరికి క్యాంపే ఎత్తేశారు.

శవం మాత్రం మాకు దొరకలేదు. ఆ తల్లి తన కొడుకు అంగీకి గుండీలన్నీ పెట్టి, దాన్నే పాడె మీద పడుకోబెట్టింది.