హోటల్లో తెర వెనక నాయన

మా చిన్నప్పుడు... సంత నుంచి వచ్చిన నాయన చొక్కా విప్పి దండెం మీద వేయగానే, అమ్మ దాన్ని తీసుకుని వాసన చూసేది.

నేతి వాసన. కాఫీ వాసన. ఆ ఏడు వానల్లేక వేరుశనగ చేలోనే మాడిపోయింది. ఇంట్లో రెండు పూటలా సంకటే. అట్లాంటప్పుడు కదిరి సంతకు పోయిన మనిషి నేతి వాసనతో ఇల్లు చేరి, ఆకలి లేదంటే ఏ ఆడమనిషి ఊరుకుంటుంది చెప్పండి...

మా తనకల్లు వైపు పల్లెల్లో అప్పట్లో హోటల్‌కు పోవడమంటేనే తప్పుపని. ఇల్లూ పెళ్ళామూ లేనివాళ్ళు తినే చోటు అది, అని మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, తీర్మానం. ఎవరు వండారో, ఏ నూనె పోశారో, గ్లాసు కడిగారో లేదో... ఆమెకు అన్నీ అనుమానాలే. రోజూ మజ్జిగ పోసే మనిషినే నమ్మేది కాదు.

అమ్మ అనుమానం వేరు. పక్కింటి ఓబుళమ్మ సంతలో చూసొచ్చి చెవిలో వేసింది, మీ ఆయన హోటల్లో తెర వెనక్కి పోయినాడని.

ఇప్పటివాళ్ళకు ఇది అర్థం కాదు. ఆ హోటల్లో మగవాళ్ళంతా ముందు బల్లల దగ్గర కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళు వస్తే వాళ్ళ కోసం ఓ మూల చిన్న గది, దానికో తెర. ఒంటరి మగవాణ్ణి ఆ గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. నాయన తెర వెనక ఉన్నాడంటే లోపల ఒక ఆడమనిషి ఉన్నట్టే...

అమ్మ గొడవ పడలేదు. నాకు భయం వేసింది అందుకే. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టె కిందికి దించి, చీరలు సర్దిపెట్టుకుంది. వెళ్ళిపోతుందేమోనని ఇల్లంతా ఆమె కొంగు పట్టుకుని తిరిగేదాన్ని.

మరుసటి సంతనాడు నాకు జడ వేస్తూ మెల్లగా చెప్పింది.

"నాయనెంబడి పో. యాడ తింటాడో, ఎవురితో తింటాడో కండ్లారా చూసి రా."

బస్సులో నాయన నన్ను అనుమానంగా చూశాడు. నేనూ ఆయన్ని అట్లాగే చూశాను. సంతలో దిగాక బొరుగులు కొనిచ్చి, తెలిసినవాళ్ళ అంగడి దగ్గర కూర్చోమన్నాడు. నేను చొక్కా వదిలితే కదా! చివరికి విసుక్కుని, చేయి పట్టుకుని హోటల్లోకి లాక్కుపోయాడు.

తెర తీస్తే లోపల ఒకావిడ. తెల్ల చీర, బొట్టు లేని ముఖం. తన ముందున్న కేసరిబాత్ నా వైపు జరిపింది. నేను ముట్టుకోలేదు. మా అమ్మను ఏడిపించిన మనిషి పెడితే నేనెందుకు తింటాను? అంత నెయ్యి, జీడిపప్పు ఎదురుగా పెట్టుకుని పళ్ళు బిగించి కూర్చోవడం... ఇప్పటికీ నా మీద నాకే ఆశ్చర్యం.

అప్పుడు చూశాను ఆమె ముక్కు. అచ్చం మా జేజి ముక్కే.

"తిను పాపా. మీ అత్త. నా చెల్లెలు," అన్నాడు నాయన.

అమ్మ కాపురానికి రాకముందే ఆమె మిషన్ బడి అయ్యవారిని పెళ్ళి చేసుకుని కిరస్తానంలో కలిసిపోయిందట. జేజి ఆ రోజే తలకు నీళ్ళు పోసుకుని, నా కూతురు చచ్చిందని చెప్పేసింది. ఆమె నోటికి జడిసి ఊళ్ళో కూడా ఎవరూ ఆ పేరెత్తలేదు. మా అమ్మకైతే చచ్చిపోయిందనే తెలుసు. అయ్యవారికి కదిరికి బదిలీ అయ్యాక అన్నాచెల్లెళ్ళు కలుసుకున్నారు. అమ్మకు చెబితే ఎక్కడ జేజి దాకా పోతుందోనని నాయన భయం.

అత్త నన్నేమీ అడగలేదు. నాయన్ని మాత్రం ఒక్కటే అడిగింది.

"అమ్మకు కండ్లు కనపడ్తాండాయా అన్నా?"

నాయన తల ఊపాడు. నేను కేసరి తినేశాను.

ఇంటికొచ్చి పశువుల కొట్టంలో అమ్మకు అంతా చెప్పాను. ఆమె చేతిలో గడ్డి అట్లాగే పట్టుకుని నిలబడింది. జేజికి చెప్పేస్తుందేమోనని ఆ వారమంతా ఇద్దరినీ కనిపెట్టుకునే తిరిగాను...

మళ్ళీ సంతనాడు అమ్మ తానూ వస్తానంది. బయట మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, నేరుగా హోటల్లోకి నడిచి తెర పక్కకు లాగింది. నాయన లేచి నిలబడ్డాడు.

అమ్మ ఆయన వైపే చూడలేదు. అత్త పక్కన కూర్చుని, కొంగు చాటు నుంచి గిన్నె తీసి మూత తెరిచింది. సంకటి ముద్ద, దాని మీద విత్తనానికి దాచుకున్న వేరుశనగల్లోంచి కాసిని తీసి నూరిన పచ్చడి, మా వైపు ఊరిబిండి అంటారు.

"తిను మే. మీ యమ్మే రోట్లో నూరింది. నీకని ఆమెకు తెల్దులే."

అత్త వేలితో కొంచెం తీసి నాలుకకు రాసుకుంది. ఆ తర్వాత ఆమెను ఊరుకోబెట్టడం మా వల్ల కాలేదు.

అప్పటినుంచి మేమంతా కలిసి హోటల్‌కు పోయేవాళ్ళం. యజమాని మా గిన్నె వంక అనుమానంగా చూసేవాడు కానీ ఏమీ అనలేదు. మాకు కేసరి, అత్తకు ఇంటి ఊరిబిండి. మా కుటుంబమంతా ఒకచోట కూర్చుని తిన్నది ఆ తెర వెనకే... జేజి లేకుండా.

జేజి చనిపోయేదాకా కూతుర్ని గడప తొక్కనివ్వలేదు. ఆ విషయంలో ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే.

కానీ ఒకటి. మేమట్లా హోటల్‌కు పోతున్న కొన్నాళ్ళకు ఆమె సంతనాడు మాత్రం ఊరిబిండి ఎక్కువ నూరడం మొదలుపెట్టింది. ఎందుకని అమ్మ అడగలేదు. జేజీ చెప్పలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఎవరితో హోటల్‌కు పోయినా ఎవరూ వాసనలు చూడరు. మంచిదే... మీ ఇళ్ళల్లోనూ పేరు పలకని మనిషి ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళ వంతు ముద్ద ఎవరు తీసిపెట్టేవాళ్ళో, మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా?