నక్షత్రం తోకకి అంటిన స్టార్టర్

2023 డిసెంబరు. నందిగామ బస్టాండుకి దగ్గర్లో మా బేకరీ. పఫ్‌లు, కేకులు అందరిలాగే అమ్ముతాం గానీ వారానికి రెండు రోజులు నేను సోర్‌డో బ్రెడ్డు కూడా చేస్తాను. దీంట్లో కొన్న ఈస్టు వెయ్యం. మైదా, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెట్టిన ముద్ద ఒకటి ఉంటుంది, దాన్ని స్టార్టర్ అంటారు. పాలకి పెరుగు తోడు ఎలాగో బ్రెడ్డుకి ఇది అలాగ. కాస్త వాడుకుని, మిగిలినదానికి మళ్లీ మైదా, నీళ్లు పెట్టాలి. ఈ మేతని ఫీడింగ్ అంటాం. అది తప్పకపోతే ఏళ్ల తరబడి బతుకుతుంది. నాది ఏడేళ్లది.

ఎవరడిగినా ఇచ్చేదాన్ని కాదు. ఇస్తే రేపు ఎదురుగా ఇంకో బేకరీ లేస్తుందని భయం. రెండేళ్ల కిందట ఒక్కరికి మాత్రం ఇచ్చాను. జగ్గయ్యపేట రూతమ్మ టీచరుగారు. రిటైరైనా గొంతులో బెత్తం దిగలేదు. నాలుగుసార్లు అడిగి, ఐదోసారి, "తోడు అడిగితే లేదనే ఇల్లు నేనెక్కడా చూళ్లేదమ్మా," అన్నారు. సిగ్గేసి, లోపల తిట్టుకుంటూనే రెండు చెంచాలు పోశాను.

ఆ డిసెంబరులో ఇక్కడి కాలేజీ వాళ్లు వంటల పండగ పెట్టి, నన్ను సోర్‌డో నేర్పమన్నారు. 'ఏడేళ్ల స్టార్టర్‌ని కళ్లారా చూడండి' అని పాంప్లెట్లో వేయించింది నేనే. ఇంకా ఎనిమిది రోజులుందనగా, చలికి సరిగ్గా పొంగడం లేదని సీసా తీసుకెళ్లి ఓవెన్ నెత్తిన పెట్టాను. కేకుల పనిలో పడి మరిచిపోయాను. సాయంత్రానికి స్టార్టర్ కాస్తా ఉడికిపోయింది. మా ఆయన మీదికి తోసేద్దామంటే ఆయన ఆ రోజు ఊళ్లోనే లేరు. కాస్త తీసి ఫ్రిజ్‌లో దాచుకోవాలని అందరికీ చెప్పే నేను, దాచుకోలేదు. కొత్తది వారంలో చెయ్యొచ్చు, కానీ అది ఏడు రోజులదవుతుంది గానీ ఏడేళ్లది కాదు. నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కాను.

"టీచరుగారూ, మీ దగ్గరున్న తోడు కాస్త ఇస్తారా?"

"నీది ఏమైంది? అది చావదు, మనం చంపాలంతే అన్నావుగా."

"నేనే చంపానండి."

ఆవిడ వెళ్లి ఫ్రిజ్ తీశారు. సీసా లేదు. చూస్తే, కడిగి బోర్లించి, గిన్నెల స్టాండులో తళతళలాడుతోంది.

"ఏవండీ, ఫ్రిజ్‌లో సీసా మీరు తీశారా?"

వరండాలో క్రిస్మస్ నక్షత్రాలు చేస్తున్న వాళ్లాయన దేవదానంగారు తల కూడా ఎత్తలేదు. "ఆ మైదా బంకా? మొన్న నక్షత్రాలకి పూసేశా. కాస్త పులిసింది గానీ భలే పట్టిందిలే."

"అది బంకా? దాంతోనేగా నేను బ్రెడ్డు చేసేది."

"నాకేం తెలుసు. రెండేళ్లనుంచి చూస్తున్నా, తినవు, పారెయ్యవు. బంకే అనుకున్నా. సీసా కూడా కడిగిపెట్టాగా," అన్నారు, మెచ్చుకుంటారేమో అన్నట్టు.

నేను వరండాలోకి వచ్చాను. నా తల మీదే ఒక పెద్ద నక్షత్రం వేలాడుతోంది. దాని తోక దగ్గర దండిగా మెత్తిన బంక ఎండి పెచ్చులు కట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. ఉడికితే చచ్చే స్టార్టర్, నీడన ఎండితే చావదు. నిద్రపోతుంది.

"టీచరుగారూ, చాకు ఇవ్వండి."

"తోక ఊడిపోద్దమ్మా," అన్నారు దేవదానంగారు.

"మీరు మాట్లాడకుండా స్టూలు పట్టుకోండి," అన్నారు టీచరుగారు.

తోక ఊడిపోయింది. కాగితం రంగు అంటని పెచ్చులు ఏరితే చెంచాడు అయ్యాయి. ఇంటికొచ్చి గోరువెచ్చటి నీళ్లలో నానేసి, మైదా పెట్టాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఒక బుడగ. ఒకే ఒక్కటి. పక్క షాపువాళ్లని కూడా పిలిచి చూపించాను. ఆరో రోజుకి సీసా మూత తన్నింది.

కాలేజీలో ఈ సంగతి చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మొదటి వరసలో ఆ దంపతులు కూర్చున్నారు. ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఏడేళ్లలో ఒక్కసారి కూడా పాడవలేదా?" అని అడిగింది. టీచరుగారు కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. అంతే, ఓవెన్ దగ్గర్నుంచి తోక దాకా మొత్తం చెప్పేశాను. హాలంతా నవ్వు.

ఆ రోజు అడిగినవాళ్లందరికీ తలో చెంచా ఇచ్చాను. ఏడేళ్లు ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది ఓవెన్ మీద ఉడికిపోయింది. తిట్టుకుంటూ ఇచ్చిన రెండు చెంచాలే నా పరువు నిలబెట్టాయి. అప్పటినుంచి ఎవరికీ లేదనలేదు. ఎదురుగా బేకరీ కూడా ఏమీ లేవలేదు.

ఆ రోజు లైన్లో చివర దేవదానంగారు రెండు సీసాలతో నిలబడ్డారు.

"రెండెందుకండీ?"

"ఒకటి మీ టీచరుగారికి. రెండోది నాకు. వేరే బంకతో ఆ తోక నిలవట్లేదమ్మా."